మేకుకు చుట్టిన తీగలు

జగిత్యాల

ప్రియమైన స్వర్ణక్కకు,

నీ తమ్ముడు రాజేందర్ రాస్తున్నది. జైల్లో ఫోన్ వారానికోసారి దొరుకుతుంది. అదీ వెనక వరసలో ఉన్నవాళ్లు "జల్ది కానియ్" అని సతాయిస్తుంటే మాట్లాడాలి. అందుకే కాగితం అడిగి తీసుకున్నాను. ఆఫీసువాళ్లు చదివాకే నీకు చేరుతుందట. చదవనీ.

నాయన ఎట్లా పోయాడో నీకు సిరిసిల్లలో తలా ఒక రకంగా చెప్పి ఉంటారు. నేను కండ్లతో చూసింది విను. ఆ మధ్యాహ్నం బువ్వ తిని కోరుట్లలో మన తంబురల కొట్టుకు తిరిగొచ్చాను. రేకు తలుపు సగం దించి ఉంది. వంగి లోపలికి పోతే నాయన చెక్కపొట్టులో వెల్లకిలా పడి ఉన్నాడు. ధోతి నడుము నుంచి మోకాలి దాకా ఎర్రగా తడిసింది. కింద పొట్టు ముద్దలు కట్టింది. ఆయన మీదికి వంగి, తొడను ఒక చేత్తో అదిమి పట్టుకుని కూర్చున్నాడు మల్లాపూర్ హరిప్రసాద్. రెండో చేతిలో మన ఉలి ఉంది. మోచేతుల దాకా నెత్తురు. పక్కనే నాయన వాడికి చేసిచ్చిన పెద్ద తంబుర రెండు ముక్కలై పడి ఉంది, బుర్ర ఒక దిక్కు, దాని మీది పలక ఒక దిక్కు.

అంతకు ముందు రోజే వాడు ఆ తంబురను తెచ్చి బజారంతా చూస్తుండగా నాయన ముందు విసిరేశాడు. "మూగదాన్ని అంటగట్టినవ్ రాజం. శివరాత్రి జాగరణల నలుగురిల నా ఇజ్జత్ తీసినవ్. రేపొచ్చి నిన్నూ నీ కొట్టునూ రెండు ముక్కలు చేస్త" అని అంగీ పట్టి గుంజాడు. ఇరవై ఏండ్లు మన ఇంట్లో చాయ తాగినవాడు. నేను కాకా అని పిలిచినవాడు.

నేనేమీ అడగలేదు అక్కా. గడప దగ్గర బాడిశ ఉంది. తీసి తల మీదికి వేశాను. వాడు కుడి చేయి అడ్డం పెట్టాడు. వేళ్లు తెగి పొట్టులో పడ్డాయి. రెండోది భుజంలో దిగింది. "రాజేందర్, ఆగు, మీ నాయన" అంటూనే ఉన్నాడు. మూడోది మెడకే ఎత్తాను. పక్క దుకాణాలవాళ్లు వెనక నుంచి పట్టుకున్నారు. నాయన కరీంనగర్ దవాఖాన చేరకముందే తొవ్వలో పోయాడు.

వాడి మీద హత్య కేసు, నా మీద హత్యాయత్నం. నా సాక్ష్యంతోనే వాడికి యావజ్జీవం పడుతుందని, తండ్రి చావు చూసి చేశాననే మాట మీద నాకు తక్కువతో పోతుందని వకీలు చెప్పాడు. నాకున్న బాధ ఒక్కటే. ఆ మూడో దెబ్బ పడలేదు.

పెద్ద తంబుర ముక్కలను ఎవరినీ ముట్టనీయకు.

నీ తమ్ముడు,
రాజేందర్

●

కోరుట్ల

తమ్మి రాజేందర్‌కు అక్క దీవెనలు.

నేను కోరుట్లకు వచ్చేశాను. సిరిసిల్లలో మీ బావ రాజేశ్ మరమగ్గాల షెడ్డు చూసుకుంటున్నాడు. "మీ నాయన కొట్టు నువ్వు తెరువు, ఎవరేమంటరో నేను జూస్త" అని ఆయనే బస్సెక్కించాడు. వచ్చిన రోజు పొట్టంతా ఊడ్చి సంచులకెత్తాను. గచ్చు మీద నెత్తురు ఉప్పు వేసి రుద్దినా పోలేదు. నాయన కూర్చునే చోటే ఉంది. దాని మీద గోనెపట్టా పరిచి కూర్చుంటున్నాను.

ధర్మపురి నుంచి, సారంగాపూర్ నుంచి భజన వాళ్లు వచ్చి "ఆడామె చేస్తదా" అని తొంగి చూసి పోయారు. చేయనా మరి? నువ్వు గోలీలాడే వయసులో నేను నాయన పక్కన కూర్చుని తీగలు బిగించే బిరడలు నున్నగా రుద్దినదాన్ని.

మొన్న ఆ గోనె మీద కూర్చుంటే తాత రాజన్న గుర్తొచ్చాడు. సిరిసిల్లలో గుంటమగ్గం నేసే మనిషి. భజన పిచ్చి. ధర్మపురిలో ఎవరిదో విరిగిన తంబుర అడిగి తెచ్చుకుని, విప్పి చూసి, మళ్లీ అతికి, పని నేర్చుకున్నాడట. "మగ్గం నేసేటోనికి బాడిశెందుకు" అని కులపోళ్లే నవ్వారట. మొదట తొలిచిన బుర్రలన్నీ పగిలాయి. పగిలినవాటితో పొయ్యి వెలిగించుకుని కోరుట్లకు వచ్చి ఈ కొట్టు పెట్టాడు. తీగకు, దాన్ని మోసే గుర్రానికి మధ్య దూర్చే జీవ పోగు బజారులో కొనకూడదని, మన ఆడబిడ్డ ఇంటి మగ్గం మీది నుంచే రావాలని ఆయనే నియమం పెట్టాడు. ఆ పోగు సరిగ్గా పడితేనే తీగ మోగుతుంది, లేకుంటే టక్కుమని ఊరుకుంటుంది. మేనత్త పోయాక ఆ వంతు నాకు వచ్చింది. నాయన ప్రతిసారీ కొత్త తంబుర ఫోన్‌లో వినిపించి, "నీ పోగే బిడ్డా" అనేవాడు.

ఇక అసలు సంగతి. నిన్న హరిప్రసాద్ బామ్మర్ది మల్లాపూర్ నుంచి మనుషులను ఆటోలో తెచ్చాడు. కట్టెలతో వచ్చారు. "మా బావ చెయ్యి తీసిన్రు, మీ కొట్టు ఉంటదా" అంటూ గోడకున్న తంబురలన్నీ దించి నేలకేసి కొట్టారు. మెడలు విరుగుతుంటే ఆ చప్పుడు ఎముకలు విరిగినట్టే ఉంది. పెద్ద తంబుర ముక్కల మీద నేను బోర్లా పడుకున్నాను. వీపు మీద రెండు కట్టె దెబ్బలు, తల మీద ఒకటి. నేనేం ఊరుకోలేదు. చేతికందిన చెక్క సుత్తితో ఒకడి మోకాలిచిప్ప మీద ఇచ్చాను. వాణ్ని మోసుకుపోయారు. నాకు తలకు కుట్లు పడ్డాయి. పోలీసులు రాసుకుపోయారు. నువ్వు లోపల ఉడికిపోకు, నేను బాగానే ఉన్నాను.

ఒకటి అడగాలి. పెద్ద తంబుర తీగలు నాలుగూ గోడ మేకుకు చుట్టలు చుట్టి వేలాడుతున్నాయి. ఆ గలాటలో కూడా అవి అట్లాగే ఉన్నాయి. నువ్వు దించావా?

నీ అక్క,
స్వర్ణలత

●

జగిత్యాల

అక్కా,

ఈ ఉత్తరం ఆఫీసు నుంచి రాదు. ఏసయ్య అని ఒకతను ఈ రోజు విడుదలవుతున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను. చదివి పొయ్యిలో వెయ్యి.

నీ తల మీద కట్టె పడిందని చదివినప్పటి నుంచి నాకు బువ్వ దిగడం లేదు. పక్కవాడు ఏదో అని నవ్వితే వాడి ముఖాన కంచం వేసి కొట్టాను. ముక్కు పగిలింది. నన్ను ఒంటరి గదిలో పెట్టి మళ్లీ తీసుకొచ్చారు.

హరిప్రసాద్‌ను దవాఖాన నుంచి ఇక్కడికే తెచ్చారు. చిన్న జైలు, ఆ ఒంటరి గది తీస్తే ఉన్నవి రెండే గదులు. పొద్దున నల్లా దగ్గర వాడు, నేను, మధ్యలో ఒక సిపాయి. చేతికి గుడ్డ చుట్టుకుని ఎడమ చేత్తో ముఖం కడుక్కుంటుంటాడు. నన్ను చూసి ఏదో చెప్పబోతాడు. వినకుండా ముఖం తిప్పుకుని వచ్చేస్తాను.

కోర్టు దాకా ఆగలేను. నాకు ఒక తీగ కావాలి. ఆ మేకుకున్నవే, ఉక్కువి, అందులో లావుది ఒకటి. చొక్కా తెచ్చేటప్పుడు కాలర్ కుట్టు విప్పి లోపల పెట్టి మళ్లీ కుట్టు. నీ చేతి కుట్టు ఎవడూ కనిపెట్టలేడు. రెండు కొసలకు రెండు పుల్లలు కడితే చాలు, వెనక నుంచి వేసి గుంజితే అరుపు కూడా రాదు. నాయన ఎక్కించిన తీగతోనే వాడు పోవాలి.

తీగలు ఎవరు దించితే ఏంది? వాడే దించి ఉంటాడు.

రాజేందర్

●

కోరుట్ల

రాజేందర్,

ఏసయ్య పాపం మంచి మనిషి. ఇంటి ముందు చెప్పులు విడిచి, నీ ఉత్తరం రెండు చేతులతో ఇచ్చి, చాయ కూడా తాగకుండా పోయాడు. పోతూ, "అమ్మా, ఆయన అడిగింది ఇయ్యకు" అన్నాడు. చదివాడో, నీ ముఖం చూసి గ్రహించాడో. ఈ జవాబు కూడా ఆఫీసు కంట పడకుండా ములాఖత్‌కు పోయేవాళ్ల చేతికి ఇస్తున్నాను.

చొక్కా తెస్తాను. తీగ తేను. నన్ను ఎన్ని తిట్లు తిట్టినా తేను.

నువ్వు తంబురలు చేసే ఇంట్లో పుట్టావా, బండలు పగలగొట్టే ఇంట్లో పుట్టావా? కోపంతో తంబుర పగలగొట్టేవాడు తీగలు దించుతాడా? బిరడ ఒక్కొక్కటే వదులు చేసి, ఒక్కో తీగనూ నలగకుండా చుట్ట చుట్టి, చుట్ట కొసను మళ్లీ దాని చుట్టే తిప్పి మేకుకు తగిలిస్తాడా? మల్లాపూర్ మనుషులు మొన్న పగలగొట్టింది చూశాను. తీగలతో సహా కొట్టారు, తెగిన తీగ ఒకటి వాళ్లలోనే ఒకడి చెంప చీల్చింది. తీగలు దించకుండా పలక లేపితే మెడ ఎగిరి ముఖాన తంతుందని నాయన మనకు చెప్పిన మొదటి పాఠం. చెప్పి ఊరుకోలేదు, నువ్వోసారి మరిచిపోతే గూబ గుయ్‌మనిపించాడు.

పలక అంచు చూశాను. ఎక్కడా పగుల్లేదు. సరేసుతో అతికిన గీత వెంబడే ఉలి దూర్చి, చుట్టూ తిప్పుకుంటూ వచ్చారు. ఒక్కచోట మాత్రం ఉలి జారిన గాటు ఉంది. బుర్ర తొడల మధ్య పెట్టుకుని కూర్చుంటే ఆ గాటు సూటిగా ఎటు పోతుందో కూర్చుని చూసుకున్నాను. నా తొడ లోపలి నరం మీదికే వచ్చింది. నాయనకు తగిలింది అక్కడే.

హరిప్రసాద్ భార్య వజ్రమ్మ దగ్గరికి పోయాను. వాకిట్లోనే నా జుట్టు పట్టి ఈడ్చింది. చెంప మీద కొట్టింది. కొట్టనిచ్చాను. అలిసిపోయాక ఆమే చెప్పింది. "నోరు జారిన, మనసున పడ్తలేదు, పోయి మాట్లాడొస్త అని పోయిండు నా మొగడు. మీ నాయన కూసోమన్నడట. తప్పు కట్టెదే అయ్యుంటది హరీ, నీ ముంగటనే విప్పి సూస్త అన్నడట. ఉలి జారి తొడల దిగింది. ఈయన బుగులు పడి గుంజిండు. గుంజంగనే నెత్తురు చిమ్మింది. పోలీసులకు ఇదే మాట చెప్తే ఎవ్వలు నమ్మలే. నీ తమ్ముడు చెప్పిందే నమ్మిన్రు."

వాడు నాయనను అదిమి పట్టింది చంపడానికి కాదు. నెత్తురు ఆపడానికి.

నువ్వు ఆ చేతినే నరికావు తమ్మీ.

స్వర్ణలత

●

జగిత్యాల

స్వర్ణలత గారికి,

ఇక అక్కా అని రాయను. ఇదీ ఆఫీసు నుంచి రాదు, విడుదలయ్యేవాడి చేతికే ఇస్తున్నాను.

పగోడి పెండ్లాం రెండు మాటలు చెప్తే నమ్మి వచ్చావు. నెత్తురు చూసింది నేను. నాయన నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటుంటే చూసింది నేను. నువ్వు సిరిసిల్లలో మగ్గాల మోతలో కూర్చున్నావు.

నీ తీగ లేకుండానే నా పని మొదలుపెట్టాను. మొన్న బువ్వ వరసలో సిపాయి అటు తిరగగానే తువ్వాల వాడి మెడకు వేసి తిప్పాను. నాలుక బయటికొచ్చింది. వాడు ఆ వేళ్లు లేని చేత్తో నా ముఖం మీద గుద్దాడు. కట్టు ఊడి, వాడి నెత్తురు నా నోట్లోకి వచ్చింది. లాఠీలతో నా వీపు వాచేదాకా కొడితే గాని వదల్లేదు. వదిలాక వాడు నేల మీద దగ్గుకుంటూ, "పైలం అన్నడురా మీ నాయన. తీగలు పైలం అన్నడు" అన్నాడు. తీగలు జాగ్రత్త అన్నాడట నాయన. దొంగ ఏడుపు.

నువ్వు కోర్టులో తీగలూ గీగలూ అని నోరు తెరిస్తే ఏమవుతుందో తెలుసా? వాడు ఇంటికి పోతాడు. తప్పు చేయనివాణ్ని నరికినవాడిగా నేను పదేండ్లు ఇక్కడే కుళ్లుతాను. నీకు కావాల్సింది అదేనా? ఆ తంబురను ముక్కలతో సహా కాల్చెయ్యి. తీగలు బావిలో పడెయ్యి. అప్పుడు రాయి, అక్కా అంటాను.

రాజేందర్

●

కోరుట్ల

నా తమ్మికి,

నువ్వు అక్కా అనకపోయినా నాకు ఇంకో తమ్ముడు లేడు, కాబట్టి రాస్తున్నాను. తల మీది కుట్లు విప్పారు. చూపు బాగానే ఉంది, చేయి బాగానే ఆడుతోంది.

తంబురను కాల్చలేదు. అతికాను. సరేసు కాచి, పలక తిరిగి కూర్చోబెట్టి, తాళ్లతో బిగించి ఆరనిచ్చి, మేకుకున్న తీగలే ఎక్కించాను. నాయన పెట్టెలో నేను పంపిన పోగు ఉంది, అది దూర్చి మీటాను. మోగలేదు. హరిప్రసాద్ అన్నట్టు మూగదే. పోగు జరిపాను, మార్చాను, గుర్రం అరగదీశాను. డొక్కు డబ్బా మీద కొట్టినట్టే ఉంది. అది తాత కొని అటకెక్కించిన పనస దుంగ. నాయన పుట్టకముందు నుంచీ ఆరిన కట్టె. అందులో తప్పేముంటుందని తల పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడే మా అత్త సత్యవ్వ సిరిసిల్ల నుంచి నన్ను చూడటానికి వచ్చింది. కోడలి తల పగిలిందని కన్నీళ్లు పెట్టుకుంటూనే, నా చేతిలోని పోగు తీసుకుని రెండు వేళ్ల మధ్య నలిపింది. ముఖం చిట్లించింది. లేచి పోయి పొయ్యి మంట మీద పెట్టింది. పత్తి అయితే కాలి బూడిద కావాలి గదా. ఇది ముడుచుకుపోయి నల్లటి పూస అయింది.

"గిది పత్తి గాదే బిడ్డా. పాలిస్టర్. గిది ఏడికెంచి పంపినవ్?" అంది.

ఎక్కడి నుంచి పంపాను? మా అత్త గుంటమగ్గం పూడ్చేసి అక్కడ నీళ్ల డ్రమ్ము పెట్టుకున్నాం. నాయన ఫోన్ చేసి "పోగు అయిపోయింది బిడ్డా" అంటే, పనిలో ఉండి, షెడ్డులో నడుస్తున్న మగ్గం మీది కండె నుంచి లాగి చుట్ట చుట్టి పంపాను. తెల్లగా ఉంది, సన్నగా ఉంది, అదే పోగనుకున్నాను. మగ్గాలవాళ్ల ఇంట్లో పుట్టి, మగ్గాలవాళ్ల ఇంటికి వచ్చినదాన్ని, వేలితో నలిపి కూడా చూడలేదు. ఆ చుట్టలో మొదటి పోగు పడింది ఈ పెద్ద తంబురకే. శివరాత్రి తొందరలో నాయన ఈ ఒక్కసారి మీటి నాకు ఫోన్‌లో వినిపించకుండానే ఇచ్చేశాడు.

మా అత్త కట్టుకున్నది తన మగ్గం మీది పాత చీర. కొంగు అంచు నుంచి ఒక పోగు లాగి ఇచ్చింది. తీగ కింద దూర్చి మీటాను. రాజేందర్, కొట్టంతా మోగింది. పక్క దుకాణం సైకిళ్లాయన పని ఆపి వచ్చి గడపలో నిలబడ్డాడు. మా అత్త ఏడ్చింది. నేను ఏడవలేకపోయాను.

నాయన తాత కట్టెను అనుమానించాడు. తన చేతిని అనుమానించాడు, సరేసును అనుమానించాడు. బిడ్డ పంపిన పోగును మాత్రం అనుమానించలేదు. దాన్ని వదిలేసి బుర్ర విప్పడానికి కూర్చున్నాడు.

ఇప్పుడు నన్ను నరుకుతావా? బాడిశ ఇక్కడే ఉంది.

కోర్టులో చెప్తాను. తీగలు దించిన సంగతి, ఉలి గాటు, కాలిన పోగు, అన్నీ. వకీలు కాళ్లావేళ్లా పడ్డాడు. నీకు శిక్ష పెరుగుతుందని నాకు తెలుసు. నువ్వు మోయాల్సిన దాన్ని వజ్రమ్మ మొగుడు ఎందుకు మోయాలి? నువ్వు అక్కడ ఎన్నేండ్లు ఉంటే అన్నేండ్లు నేను ములాఖత్‌కు వస్తాను, ముసలిదాన్నయినా వస్తాను. కాని అబద్ధం మోస్తూ నీ ముఖం చూడలేను.

తీగ అడిగావు. తీగ ఇవ్వను. మా అత్త చీర పోగు ఒకటి ఈ మడతలో పెట్టాను.

ఎప్పటికీ నీ అక్కనే,
స్వర్ణలత

●

జగిత్యాల

అక్కా,

ఉత్తరం విప్పుతుంటే ఆఫీసాయన ఆ పోగును ఎత్తి చూపి, "ఇదేంది, తాయత్తా?" అని అడిగాడు. మా పనిది అన్నాను. ఇచ్చేశాడు.

నిన్ను నరకడానికి నాకు చేతులెక్కడివి?

ఒకటి నీకు చెప్పలేదు. ఆ మధ్యాహ్నం తలుపు కింద నుంచి దూరి తల ఎత్తగానే మొదట కనబడింది మేకే. నాలుగు చుట్టలు. నాయన చుట్టిన తీరు వేల చుట్టల్లో ఉన్నా నేను గుర్తుపడతాను. చూశాను. తర్వాత నెత్తురు చూశాను. ఇక వేరే ఏదీ కనబడలేదు.

పొద్దున నల్లా దగ్గర సిపాయిని బతిమాలుకుని హరిప్రసాద్ ముందుకు పోయాను. "కాకా, తీగలు నాయననే దించిండు. నేను సూసిన" అన్నాను. ఆయన ఎడమ చేత్తో నా దవడ మీద గుద్దాడు. కింద పడ్డాను. కాలితో పక్కటెముకల మీద తన్నాడు. వేళ్లు లేని చేతిని నా కండ్ల ముందు పెట్టి, "దీంతోటి మీటేటోన్నిరా నేను. దీంతోటే మీ నాయన నెత్తురు పట్టుకున్న" అంటూ మళ్లీ తన్నాడు. సిపాయి లాఠీ ఎత్తితే నేనే వద్దన్నాను. ఒక పన్ను ఊడింది. నేను చెయ్యి ఎత్తలేదు. అలిసిపోయి నల్లా గద్దె మీద కూర్చుని ఆయనే ఏడ్చాడు. నన్ను క్షమించలేదు. క్షమించమని నేను అడగలేదు.

వకీలుకు చెప్పాను. ఉలి చేతిలో ఉండగా చూశాను, పొడవడం చూడలేదని రాసి సంతకం పెట్టాను. కాగితాలు విసిరికొట్టి పోయాడు. నువ్వు చెప్పేది చెప్పు. భయపడకు.

హరి కాక బయటికి పోయాక ఆ తంబుర ఆయన ఇంటికి చేర్చు, తీసుకుంటే. ముఖాన విసిరితే తెచ్చి మన కొట్టులోనే పెట్టు. అప్పుడు ఒక పని చెయ్యి. మీటకుండా ఏండ్ల తరబడి ఊరికే ఉంచితే తీగల బరువుకు మెడ వంగిపోతుంది. నేను రావడానికి చాలా కాలం పడుతుంది. తీగలు దించి, చుట్టలు చుట్టి ఆ మేకుకే పెట్టు.

నీ తమ్ముడు,
రాజేందర్